వైజాగ్‌లో స్పోర్ట్స్ కారుకు కొత్త ఎగ్జాస్ట్ వేయించాలంటే

ఎగ్జాస్ట్, అంటే ఇంజన్ పొగను బయటికి పంపే గొట్టాలూ సైలెన్సరూ, మార్చాలని అనుకున్న రోజు మొట్టమొదట చేయాల్సిన పని యూట్యూబ్ కట్టేయడం. ఆ వీడియోల్లో మైకు బండి వెనక, పైపు పక్కనే ఉంటుంది, యాక్సిలరేటర్ నేలకంటా తొక్కి ఉంటుంది. మీరు కూర్చునేది మాత్రం ముందు సీట్లో, ఏసీ వేసుకుని, అద్దాలు ఎత్తుకుని, మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర. ఆ శబ్దం వేరు, ఈ శబ్దం వేరు.

కింద చెప్పేదంతా పెట్రోల్ కార్ల గురించే. ఫోర్డ్ మస్టాంగ్, పోర్షె 718 కేమన్, బీఎండబ్ల్యూ ఎం340ఐ, స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ లాంటివి మనసులో పెట్టుకుని రాస్తున్నాను. పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్ ఉన్నవాళ్లకు కూడా దాదాపు అంతా వర్తిస్తుంది. ఇదే వరసలో వెళ్లండి. చాలామంది బ్రాండుతో మొదలుపెట్టి చట్టంతో ముగిస్తారు, అప్పటికే అడ్వాన్సు కట్టేసి ఉంటారు.

1. ముందు చట్టం సంగతి తేల్చుకోండి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తయారీ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో 182ఎ(4) వచ్చి చేరింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ పరిమితులు దాటిన బండి రోడ్డెక్కితే 190(2) విడిగా ఉంది. మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ, పైగా లైసెన్సు మూడు నెలలు పోతుంది.

శబ్దానికి ఒక అంకె కూడా ఉంది. డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్లకు మించని ప్యాసింజర్ కారుకు 74 డెసిబెల్స్. ఇది ఫ్యాక్టరీ నుంచి వచ్చే బండికి పెట్టిన హద్దు. బండి వేగం పుంజుకుంటూ దాటిపోతుంటే ఏడున్నర మీటర్ల దూరం నుంచి కొలుస్తారు. డెసిబెల్ లెక్క కూడికల లెక్క కాదు, పది పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు వినిపిస్తుంది. కాబట్టి 'అయిదారు ఎక్కువైతే ఏమవుతుందిలే' అనుకోకండి.

ఊరి సంగతి కూడా చూసుకోవాలి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ వంద మీటర్లకు తగ్గకుండా సైలెన్స్ జోన్ ప్రకటించే వీలు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. కేజీహెచ్, కలెక్టరేట్, ఏయూ మీదుగా రోజూ తిరిగేవాళ్ల దారంతా దాదాపు అలాంటి చోట్లే. ఇక బుల్లెట్ సైలెన్సర్లు ఊడదీయించి రోడ్డు రోలర్ కింద తొక్కించడం మన ఊళ్లోనూ చూశాం. అది బైకుల గొడవే కదా అని ధీమాగా ఉండకండి. బీచ్ రోడ్డులో బైకు వందల్లో ఒకటి, పసుపు రంగు మస్టాంగ్ ఒక్కటే ఒకటి.

మరి ఏం మిగులుతుంది? నా లెక్కలో రెండు దారులు. ఒకటి, కారు కంపెనీయే తన మోడల్‌కు ఇచ్చే స్పోర్ట్ ఎగ్జాస్ట్, డీలర్ దగ్గరే, బిల్లుతో. బీఎండబ్ల్యూ, పోర్షె లాంటి వాళ్లకు ఇవి ఉన్నాయి. రెండోది, యూరప్ నిబంధన ఆర్59 కింద పరీక్ష పాసై, సైలెన్సర్ మీద ఈ-మార్క్ గుద్ది ఉన్నది. గుండ్రని గీత మధ్యలో ఇంగ్లిష్ 'ఈ', పక్కన ఒక నంబరు ఉంటుంది. ఆమోదం ఇచ్చిన దేశం ఏదో ఆ నంబరు చెప్తుంది. 26 అయితే స్లొవేనియా, 12 అయితే ఆస్ట్రియా, 11 అయితే బ్రిటన్. ఈ-మార్క్ ఉన్నంత మాత్రాన ఇక్కడ చట్టబద్ధం అయిపోదు. కానీ శబ్దం హద్దులో ఉండేలా ఎవరో కొలిచి వదిలారని అర్థం. ఏది ఎంచుకున్నా కొనకముందే ఆర్టీఏ ఆఫీసులో ఒకసారి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఈమెయిల్‌లో ఒకసారి అడగండి. ఇన్సూరెన్స్ వాళ్ల జవాబు రాతలో ఉండాలి. చెప్పకుండా చేసిన మార్పు రేపు క్లెయిమ్ రోజున బయటపడితే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

'ట్రాక్ కోసం మాత్రమే' అని రాసి ఉన్న సరుకును రోడ్డు బండికి వేయకండి. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్ మనకు దాదాపు 800 కిలోమీటర్లు. ఏడాదికి ఒకసారి వెళ్లే ట్రాక్ కోసం ఏడాదంతా భయపడుతూ తిరగడం దేనికి?

2. ఎక్కడి నుంచి మార్చాలో నిర్ణయించుకోండి

ఇంజన్ నుంచి వెనక్కి వస్తే వరస ఇది: మానిఫోల్డ్, టర్బో ఉంటే టర్బో, డౌన్‌పైపు, అందులో విష వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్), తర్వాత రెసొనేటర్, చివర శబ్దం తగ్గించే మఫ్లర్ (సైలెన్సర్), కంటికి కనబడే టిప్. మఫ్లర్ ఒక్కటే మారిస్తే యాక్సిల్-బ్యాక్. క్యాట్ తర్వాత ఉన్నదంతా మారిస్తే క్యాట్-బ్యాక్. క్యాట్‌తో సహా మార్చేది ఫుల్ సిస్టమ్.

క్యాట్ జోలికి వెళ్లొద్దు. క్యాట్ తర్వాత ఇంకో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. క్యాట్ పని చేస్తోందా లేదా అని కనిపెట్టడమే దాని ఉద్యోగం. క్యాట్ తీసేస్తే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, స్కానర్ పెడితే పీ0420 అనే లోపం కోడ్ చూపిస్తుంది. ఆ లైటును ఆర్పడానికి సాఫ్ట్‌వేర్‌తో ఏమారుస్తామనేవాళ్లు దొరుకుతారు. కానీ పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర బీఎస్4, బీఎస్6 పెట్రోల్ కారుకు ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. అక్కడ సాఫ్ట్‌వేర్ ఏమీ చేయలేదు. అదీ కాక, క్యాట్ లేని కారును అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పొద్దున్నే స్టార్ట్ చేస్తే వచ్చే వాసన వాచ్‌మన్‌కు, కింది ఫ్లోర్ వాళ్లకు ముందు తెలుస్తుంది.

పవర్ గురించి ఆశలు తగ్గించుకోండి. క్యాట్-బ్యాక్‌తో అయిదారు హార్స్‌పవర్ పెరిగితే గొప్పే. టర్బో లేని ఇంజన్‌లో అది కూడా తెలియదు. 'బ్యాక్‌ప్రెషర్ తగ్గితే పికప్ పోతుంది' అని మెకానిక్‌లు చెప్పేది సగం నిజం. ఇంజన్‌కు కావాల్సింది గొట్టంలో గ్యాస్‌కు తగిలే అడ్డు (బ్యాక్‌ప్రెషర్) కాదు, గ్యాస్ వేగం. గొట్టం అవసరానికి మించి లావైతే గ్యాస్ నెమ్మదిస్తుంది, ఒక సిలిండర్ నుంచి వెళ్లే గ్యాస్ వెనకాల ఇంకొకదాన్ని లాక్కెళ్లే గుణం పోతుంది, తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) బండి నీరసంగా ఉంటుంది. టర్బో ఇంజన్‌కు టర్బో తర్వాత దారి ఎంత ఖాళీగా ఉంటే అంత మంచిది. అయినా 1.0, 1.5 లీటర్ల కారుకు మూడు అంగుళాల గొట్టం అవసరానికి మించిన లావే, అది అమ్మజూపే షాపులో ఇంకేమీ అడగకుండా బయటికి వచ్చేయండి.

రోజూ ఆఫీసుకు వేసుకెళ్లే బండికి నా ఓటు యాక్సిల్-బ్యాక్‌కే. ఖర్చు తక్కువ, పాతది మళ్లీ బిగించడం పూట పని. వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) అయితే మధ్యలో ఎక్స్-పైపు (రెండు వైపుల గొట్టాలను ఎక్స్ ఆకారంలో కలిపేది) ఉన్న క్యాట్-బ్యాక్ గురించి ఆలోచించవచ్చు.

3. లోహం: ఇది వైజాగ్ వాళ్ల సొంత సమస్య

హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడి సలహా ఇక్కడ పనికిరాదు. బీచ్ రోడ్డులోనో లాసన్స్ బే కాలనీలోనో ఏదో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీ స్టీలు రెయిలింగ్ చూడండి. 'స్టెయిన్‌లెస్' అని వేయించినదే, రెండేళ్లకు గోధుమరంగు మచ్చలు. గాలిలో ఉప్పు చేసే పని అది. జోడుగుళ్లపాలెం, ఋషికొండ, మంగమారిపేట మీదుగా భీమిలి దాకా రోజూ తిరిగే కారు కింద అదే ఉప్పు అంటుకుంటుంది.

బయటి ఉప్పు ఒక వైపు, లోపలి నీళ్లు ఇంకో వైపు. లీటరు పెట్రోల్ కాలితే సుమారు లీటరు నీళ్లు ఆవిరిగా బయటికి వస్తాయి. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం దాకా వెళ్లి ఆపేస్తే మఫ్లర్ సరిగ్గా వేడెక్కదు, ఆవిరి నీళ్లై లోపలే నిలిచిపోతుంది. తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. మంచి మఫ్లర్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, నీళ్లు కారిపోవడానికి. దాన్ని లీకేజీ అనుకుని వెల్డింగ్ పెట్టించకండి.

ఇప్పుడు గ్రేడ్‌లు. 409 స్టీల్‌లో క్రోమియం 11 శాతం దగ్గర ఉంటుంది. చాలా కంపెనీ సైలెన్సర్లు ఈ తరగతివే, పైకి తుప్పు రంగు తిరుగుతాయి, కానీ ఏళ్ల తరబడి నిలుస్తాయి. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం. మన ఊరికి కనీసం ఇది కావాలి. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పుకు బాగా తట్టుకుంటుంది, ఖరీదెక్కువ. సముద్రానికి ఎదురుగా ఇల్లుండి, కారు బయటే నిలబెట్టేవాళ్లకు అర్థముంది. టైటానియం సాంద్రత 4.5, స్టీలుది దాదాపు 8. బరువు అంత తేడా. ఉప్పు దాన్ని ఏమీ చేయలేదు. ధర మాత్రం మిమ్మల్ని ఏదో ఒకటి చేస్తుంది.

షాపులో అందరూ అయస్కాంతం పెట్టి చూపిస్తారు. 'చూడండి సార్, అతుక్కోవట్లేదు, 304యే' అంటారు. 409 అయితే అతుక్కుంటుంది, అది నిజమే. కానీ 201, 202 కూడా అతుక్కోవు. అవి నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన చవక రకాలు, ఇందాక చెప్పిన రెయిలింగుల్లో సగం అవే. అయస్కాంతం వాటిని పట్టివ్వలేదు. పెద్ద స్టీలు షాపుల్లో, స్క్రాపు వాళ్ల దగ్గర గ్రేడ్ తేల్చే టెస్టు ద్రావణం ఉంటుంది. ఉపరితలం శుభ్రం చేసి ఒక చుక్క వేసి, చిన్న బ్యాటరీ తగిలిస్తారు. చుక్క ఎరుపెక్కితే 200 సిరీస్. కొద్ది సెకన్ల పని. స్థానికంగా తయారు చేయిస్తుంటే గొట్టం కోయకముందే, మీ కళ్ల ముందే ఈ పరీక్ష చేయించండి. కొత్త సరుకైతే స్టీలు మిల్లు ఇచ్చే గ్రేడ్ సర్టిఫికెట్ (మిల్ సర్టిఫికెట్) అడగండి.

స్థానికంగా చేయించడం తక్కువేమీ కాదు. షిప్‌యార్డులో, రిఫైనరీలో స్టెయిన్‌లెస్ పైపింగ్ చేసిన చేతులు ఈ ఊళ్లో ఉన్నన్ని ఎక్కువ ఊళ్లలో ఉండవు. గాజువాక ఆటోనగర్‌లో మంచి ఆర్గాన్ వెల్డర్‌ను పట్టుకుంటే ఇంపోర్టెడ్ దానికి దీటుగా చేసిస్తాడు. ఒకటి మాత్రం అడగండి: గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపి వెల్డింగ్ చేస్తారా? చేయకపోతే పైకి వెల్డింగ్ వరస ముచ్చటగా కనిపిస్తుంది, లోపల నల్లగా, గరుగ్గా పొక్కులు తేలుతాయి. తుప్పు అక్కడే పడుతుంది. అతను ఇదివరకు చేసిన ఒక ముక్క తీసుకుని, టార్చి వేసి లోపలికి చూడండి. వంపుల దగ్గర కూడా చూడాలి. లోపల ఊత కడ్డీ (మాండ్రెల్) పెట్టి వంచిన గొట్టం లావు వంపులోనూ ఒకేలా ఉంటుంది. మామూలు ప్రెస్‌లో వంచినది వంపు దగ్గర నొక్కుకుపోతుంది. నొక్కుకుపోయిన చోట రెండున్నర అంగుళాల గొట్టం రెండు అంగుళాలదే.

4. శబ్దం: గట్టిదనం కాదు, ఎక్కడ మోగుతుందో చూడండి

కొత్త ఎగ్జాస్ట్ వేయించి కొద్ది నెలలకే తీసేసేవాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం పోలీసులు కాదు, డ్రోన్. ఒక ఆర్‌పీఎం దగ్గర కారు లోపల ఖాళీ డబ్బాలో తుమ్మెద దూరినట్టు ఒకటే హోరు. పాట వినబడదు, పక్కవాళ్ల మాట వినబడదు, అరగంటకు తలనొప్పి.

ఇది ఎక్కడొస్తుందో ముందే లెక్క కట్టవచ్చు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి నాలుగు పేలుళ్లు. అంటే 2,400 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 80, అంటే 80 హెర్ట్జ్. అదే ఆర్‌పీఎంలో ఆరు సిలిండర్లకు 120, వీ8కి 160. కారు క్యాబిన్‌కు తనదైన మోగే స్వరం ఉంటుంది, అది తరచూ 80 లాంటి తక్కువ అంకెల దగ్గరే పడుతుంది. అందుకే చిన్న నాలుగు సిలిండర్ల కార్లకు డ్రోన్ బాధ ఎక్కువ, వీ8 వాళ్లకు కొంత తక్కువ. సిలిండర్లు సగం ఆపేసి నడిచే మోడల్ అయితే వీ8కి కూడా తప్పదు.

ఇప్పుడు మీ కారు తీసుకుని ఆనందపురం–అనకాపల్లి ఆరు లైన్ల రోడ్డెక్కండి. మీరు మామూలుగా వెళ్లే వేగంలో, టాప్ గేరులో ఆర్‌పీఎం ఎంతుందో రాసుకోండి. ఊళ్లో అరవైలో వెళ్తున్నప్పుడు కూడా రాసుకోండి. షాపువాడిని అడగాల్సిన ప్రశ్న 'సౌండ్ ఎలా ఉంటుంది?' కాదు. 'ఈ ఆర్‌పీఎం దగ్గర, ఇదే మోడల్‌లో, లోపల కూర్చుంటే ఎలా ఉంటుంది?' అని అడగండి. అదే ఎగ్జాస్ట్ వేసిన కారులో కూర్చునే అవకాశం దొరికితే వదులుకోకండి, మన ఊళ్లో లేకపోతే హైదరాబాద్ వెళ్లయినా సరే. వెనక సీటుంటే అందులో ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టండి, ఎందుకంటే వెనక డ్రోన్ ఇంకా ఎక్కువ. అరకు ఘాట్‌లో చిన్న గేరులో, పై ఆర్‌పీఎంలో అన్నీ బాగానే వినిపిస్తాయి. అక్కడ విని కొనకండి.

మఫ్లర్ రకాలు తెలిసి ఉంటే సగం అర్థమవుతుంది. స్ట్రెయిట్-త్రూలో రంధ్రాల గొట్టం తిన్నగా వెళ్తుంది, చుట్టూ గ్లాస్ ఊల్ లాంటి దూది. గ్యాస్‌కు అడ్డు తక్కువ, గొంతు స్పష్టంగా ఉంటుంది, కానీ ఏళ్లు గడిచేకొద్దీ దూది కాలిపోయి శబ్దం పెరుగుతుంది. కాబట్టి మొదటి రోజే హద్దు అంచున ఉన్నది కొంటే తర్వాత హద్దు దాటుతుంది. గదులుగా విడదీసిన చేంబర్ రకం కొంచెం బరువు, గొంతు లోతు. రెసొనేటర్ తీసేస్తే డబ్బు మిగులుతుందని ఎవరైనా అంటే వినకండి, గరగర శబ్దాన్ని మింగేది అదే. కొన్ని మంచి సిస్టమ్‌లలో పక్కకు ఒక మూసిన గొట్టం అతికించి ఉంటుంది, జే-పైపు అంటారు. లోపలికి వెళ్లిన శబ్దం మూసిన చివర తగిలి వెనక్కి వచ్చి, ఆ ఒక్క స్వరాన్ని కొట్టేస్తుంది. 80 హెర్ట్జ్‌ను కొట్టేయాలంటే అది మీటరు పైచిలుకు పొడవుండాలి. కాబట్టి అరచేయంత పొడవున్న జే-పైపు అలంకారానికే.

డబ్బుంటే వాల్వ్ ఉన్నది తీసుకోండి. వాల్వ్ మూసుకుంటే కంపెనీ శబ్దానికి దగ్గరగా, తెరుచుకుంటే గొంతు విప్పుతుంది. రాత్రి పదకొండుకు కాలనీలోకి వచ్చేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. కరెంటు పోయినా, వైరు తెగినా వాల్వ్ మూసుకునే ఉంటుందా, తెరుచుకుని ఉండిపోతుందా అని అడగడం మర్చిపోకండి. ఉప్పుగాలికి ఆ వాల్వ్ ఇరుసు బిగుసుకుపోకుండా వారానికి ఒకసారైనా తెరిచి మూస్తుండాలి.

5. అసలుదా, నకిలీదా

అక్రాపోవిచ్, రెమస్, మిల్‌టెక్, బోర్లా, ఆర్మీట్రిక్స్ పేర్లతో నకిలీలు దొరుకుతాయి. పేరు లేజర్‌తో చెక్కడం ఎవరికైనా సాధ్యమే. పార్ట్ నంబరు, సీరియల్ నంబరు తీసుకుని తయారీ కంపెనీకే రాసి కనుక్కోండి. మీ మోడల్, సంవత్సరం, ఇంజన్ కోడ్‌కు ఆ పార్ట్ నంబరు సరిపోతుందో కూడా వాళ్లనే అడగండి. బయట దేశాల్లో ఎడమ స్టీరింగ్ కార్లకు చేసిన గొట్టం మన కుడి స్టీరింగ్ కారు కింద ఏదో ఒక రాడ్‌కు తగిలే సందర్భాలున్నాయి. దిగుమతి అయితే ధరలో కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిపారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. తెలిసినవాళ్ల లగేజీలో తెప్పిస్తామనే బేరాలకు వారంటీ ఉండదు.

కారు కింద ఎత్తు కొలవండి. కొత్త గొట్టం కంపెనీ గొట్టం కంటే కిందికి దిగకూడదు. మన సెల్లార్ ర్యాంపులూ, కాలనీల్లో ఎవరికి వారు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లూ మీకు తెలియనివి కావు.

6. బిగించే రోజు

ముందు రోజు రాత్రే పాత బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచమనండి. ఉప్పు తిన్న బోల్టును బలవంతంగా తిప్పితే తల ఊడి వస్తుంది, అప్పుడు పూట పని రెండు రోజులవుతుంది. గాస్కెట్లు, గొట్టాన్ని వేలాడదీసే హ్యాంగర్ రబ్బర్లు కొత్తవి కొని దగ్గర పెట్టుకోండి.

మొత్తం సిస్టమ్ వదులుగా తగిలించాక, ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. ఒక్కో జాయింటు పూర్తిగా బిగించేసుకుంటూ వెళ్తే చివర టిప్ బంపర్ మధ్యలో కూర్చోదు. అప్పుడు హ్యాంగర్‌ను సుత్తితో వంచడం మొదలుపెడతారు. చుట్టూ వేలు దూరేంత సందు ఉండాలి. కారణం ఉంది: రెండు మీటర్ల 304 గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే సెంటీమీటరు పొడవు సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు బంపర్‌కు ఆనీ ఆననట్టు ఉన్న టిప్, వేడెక్కాక ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది.

స్టార్ట్ చేశాక మొదటి పది నిమిషాలు కొంచెం పొగ, నూనె మాడిన వాసన మామూలే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ఒకరు మందపాటి గుడ్డతో టిప్‌ను క్షణం పాటు నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు కింద చెవి పెట్టి వినాలి. బుస్సుమన్న చోట లీకు. ఆక్సిజన్ సెన్సర్‌కు దగ్గరలో లీకుంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్ తప్పుడు లెక్క చెప్తుంది, మైలేజీ పడిపోతుంది. నాలుగు రోజులు తిరిగాక, బండి చల్లారినప్పుడు అన్ని క్లాంపులూ మళ్లీ బిగించండి. భీమిలి వైపు షికారు వెళ్లొచ్చిన ప్రతిసారీ కారు కింద మంచినీళ్లు కొట్టండి, గొట్టం చల్లారాకే.

తీసిన సైలెన్సర్‌ను పాతసామాన్ల బండికి వేయకండి. లోపలి నీళ్లు ఒంపి, ఎండలో ఆరబెట్టి, ఫ్లాంజ్‌లకు (బోల్టులు పట్టే అంచులకు) నూనె రాసి, ప్లాస్టిక్ చుట్టి ఇంట్లో దాచండి, సముద్రం వైపు బాల్కనీలో కాదు. సర్వీసు సెంటరు వారంటీ గురించి పేచీ పెట్టినా, ఆర్టీఏ తనిఖీలో తీసేయమన్నా కావాల్సింది అదే. కారు అమ్మే ముందు దాన్నే తిరిగి బిగించి, కొత్తదాన్ని బిల్లుతో సహా విడిగా అమ్ముకోండి. అసలైన సరుకైతే ఆ మోడల్ ఉన్నవాళ్లు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో దొరుకుతారు.